వంక లేని చీటీ

మా ఆయన ఇరవై ఏళ్లు లారీ నడిపారు గానీ, ఏ రోజూ పూర్తి దారి నడపలేదు. సగం దారి ఆయనది, మిగతా సగం ఇంకొకరిది. ఈ మాట వినగానే చాలామంది నా మొహంలోకి చూస్తారు. అందుకని ముందు ఆ పద్ధతి ఏమిటో చెబుతాను.

మా ఊరికీ, సరుకు వెళ్లే అవతలి ఊరికీ మధ్య లారీకి పది గంటల దారి. పొద్దున్నే ఇక్కడినుంచి ఒక బండి, అక్కడినుంచి ఒక బండి బయలుదేరతాయి. పదకొండు గంటల వేళ రెండూ సగం దారిలో ఉన్న కాటా దగ్గర కలుస్తాయి. లారీలను తూకం వేసే చోటు అది. పక్కనే ఒక టీ కొట్టు, అందులో ఒక ఫోను. అక్కడ డ్రైవర్లిద్దరూ బండ్లు మార్చుకుంటారు. మా ఆయన తెచ్చిన బండి ఎక్కి అతను వెనక్కి తిరిగి తన ఊరు వెళ్లిపోతాడు. అతను తెచ్చిన బండి ఎక్కి మా ఆయన నాలుగింటికల్లా మా ఊరు వచ్చేస్తారు. సరుకు ఈ చివరినుంచి ఆ చివరికి చేరుతుంది, మనుషులు మాత్రం సాయంత్రానికి ఎవరి కొంపకి వాళ్లు చేరతారు.

నాకు ఆ పద్ధతి ఎంత నచ్చిందంటే, ఇంకో కంపెనీ వాళ్లు రమ్మని పిలిచినా నేను ఆయన్ను వెళ్లనివ్వలేదు. మనిషి గడప దాటితే చాలు, మళ్లీ వస్తాడో రాడోనని గుండె పీకే స్వభావం నాది. చిన్నప్పుడు మా నాన్న, అన్నయ్య ఏదో మాట మీద పంతం పట్టి మాటలు మానేశారు. మాట్లాడుకోకుండానే అన్నయ్య పనికోసం ఊరు వదిలి వెళ్లాడు. ఏడాది తిరక్కుండా అతని బట్టల పెట్టె ఒక్కటే ఇంటికి వచ్చింది. నాన్న ఆ పెట్టె ముందు కూర్చుని, అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టారు. మాటల్లేకుండా విడిపోయిన ఇద్దరు మనుషుల్ని చూస్తే అందుకే నాకు కాలు నిలవదు.

కాటా దగ్గర బండ్లు మార్చుకునేటప్పుడు అప్పగింత అని ఒకటుండేది. దిగిన మనిషి, ఎక్కబోయే మనిషికి బండి ఆరోగ్యం చెప్పాలి. క్లచ్చు బిగుసుకుంటోందా, ఏ టైరులో గాలి తక్కువ, సరుకు ఏ పక్కకి ఒరుగుతోంది, ఇలాంటివన్నీ. అయిదు నిమిషాల పని. మా ఆయనకి మాత్రం పావుగంట పట్టేదట. బండిలో వంక కనబడకపోతే ఆయనకి తోచదు. అన్ని చక్రాలకీ కొత్త టైర్లు వేసిన రోజున కూడా, కొత్తవి, నమ్మకు అని చెప్పి అప్పగించారట. అవతలి డ్రైవరు నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడట. అతను బాగా పొడుగు. మా ఆయన అతన్ని బావా అని పిలిచేవారు, అతనూ ఈయన్ను బావా అనే పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు. నేను అతన్ని ఒక్కసారి కూడా చూడలేదు. మా ఇంట్లో అతని పేరు పొడుగు బావ. పదకొండేళ్లు అతని జలుబులు, పంటి నొప్పులు, అతని అత్తగారి కోపాలు, అన్నీ సాయంత్రం అయిదింటికల్లా మా వంటింట్లోకి వచ్చేవి.

అలాంటివాళ్లకి చెడింది. ఒక వానరోజున లారీ మీద కప్పే పట్టా చిరిగి నోటుపుస్తకాల కట్టలు తడిసిపోయాయి. నీ సగంలో చిరిగిందంటే, కాదు నీ సగంలోనే చిరిగిందని ఇద్దరూ కాటా దగ్గర కేకలేసుకున్నారు. మాటామాటా పెరిగింది. నీకు కళ్లు కనబడటం మానేశాయి, ఇంట్లో కూర్చో అని అతను అన్నాడట. ఆ మాట మా ఆయనకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఎందుకంటే ఆయనకి చదువు రాదు. కంపెనీలో ఎవరైనా కాగితం చేతికిస్తే కళ్లజోడు మర్చిపోయానని చెప్పి ఎదుటివాళ్ల చేతే చదివించుకునేవారు. సంతకం ఒక్కటి నేనే నేర్పాను. అతను ఎత్తిపొడిచింది ఆ సంగతి తెలిసేనని ఆయన అనుమానం. అతనికి తెలియదని నేనెంత చెప్పినా వినలేదు.

మర్నాటినుంచి మాటలు లేవు. కానీ అప్పగింత ఆపడానికి వీల్లేదు, అది రోడ్డు మీద ప్రాణాలతో పని. పొడుగు బావ ఒక ఉపాయం కనిపెట్టాడు. మా ఆయన వంక చూడకుండా, బండి మీద చెయ్యేసి బండితోనే మాట్లాడేవాడట. ఏమమ్మా, నీ గేరు రెండోదాంట్లో పడటం లేదని ఆ పెద్దమనిషికి చెప్పు, అని. టీ కొట్టతను అది చూడటానికి పొయ్యి వదిలి బయటికి వచ్చేవాడట. మా ఆయనకి అలాంటి వేషాలు చేతకావు. సాయంత్రం తెచ్చిన బండినే పొద్దున తీసుకెళ్లాలి గనక దాని రోగాలు ముందురోజే తెలుస్తాయి. అందుకని ఆయన ఇంట్లో కూర్చుని చెప్పేవారు, నేను చీటీ రాసేదాన్ని. నేనూ బడికి వెళ్లలేదు. సరుకు చుట్టిన పాత పేపర్లు, పార్సిళ్ల మీద పేర్లు కూడబలుక్కుంటూ నేర్చుకున్న చదువు నాది. కొత్తగా వచ్చిన చదువు కదా, రాయమంటే చాలు, పండగలా ఉండేది.

మొదటి చీటీకి ఆయన చెప్పింది ఇంతే: వెనక ఎడమ టైరులో గాలి తక్కువ, చూసుకో.

నేను పైన బావా అని రాసి, కింద ఆయన చెప్పింది రాశాను. అంతకుముందు రోజూ పిలిచిన పిలుపే కదా, ఏం పోయిందనుకున్నాను. రెండో రోజు చూసుకో అన్నదాన్ని జాగ్రత్తగా చూసుకో అని మార్చాను. నాలుగో రోజు, దగ్గు తగ్గిందా అని చేర్చాను. ఆయన మడిచి జేబులో పెట్టుకుని వెళ్లేవారు. ఆ చీటీలో ఏముందో ఆయనకి నా నోటితో తెలియాల్సిందే, నేను చెప్పలేదు. ఆరో రోజు ఇంటికి వచ్చి, వాడికేదో పట్టింది, నన్ను చూసి నవ్వుతున్నాడు అన్నారు. నేను పొయ్యి వైపు తిరిగి నవ్వుకున్నాను. నాన్నకి, అన్నయ్యకి మధ్య నేను చెయ్యలేని పని ఇక్కడ చేస్తున్నానని నా మనసులో గర్వం కూడా కలిగింది. అది దాచను.

తొమ్మిదో రోజు సాయంత్రం ఆయన విసుగ్గా వచ్చారు. బండి బ్రేకు సరిగ్గా పట్టడం లేదట. షెడ్డులో మెకానిక్కు లేడు, రెండు రోజులకి గాని రాడు. సరుకేమో పొద్దున వెళ్లి తీరాలని ఓనరు పట్టుబట్టాడు. మా వైపు దారంతా చదును, ఆయన నెమ్మదిగా తీసుకుపోగలరు. కాటా దాటి గంట వెళితే మాత్రం ఘాట్ వస్తుంది. పద్నాలుగు మలుపులు, అన్నీ దిగుడే. అది పొడుగు బావ సగం.

ఆయన కాళ్లు కడుక్కుంటూ చెప్పారు. "రాయి. బ్రేకు సగం దాకా పోతోంది, రెండుసార్లు కొడితే గాని పట్టదు. ఘాట్ మొత్తం మొదటి గేరులోనే దిగమను. ఒక్క మలుపులో కూడా గేరు మార్చొద్దను."

సరేనన్నాను. అప్పటికే నా మనసులో వేరే వాక్యం తయారై ఉంది. పగలంతా అంట్లు తోముతూ దాన్నే కూర్చుకున్నాను. ముందు అది రాస్తే గాని చెయ్యి ఊరుకోలేదు. బావా, పట్టా ఎవరి దగ్గర చిరిగితే ఏముంది, పదకొండేళ్ల మాట పోగొట్టుకోవడమే పెద్ద నష్టం, రేపు మనం టీ తాగుతూ మాట్లాడుకుందాం, నా మాటలు మనసులో పెట్టుకోకు. ఇంత రాసేసరికి చీటీ నిండిపోయింది. పార్సిలు రసీదులో సగం కాగితం అది. బ్రేకు సంగతి వెనక వైపు రాద్దామని తిప్పాను. పక్కింటావిడ గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. వచ్చినావిడ అరగంట నిలబడి తన కోడలు పాలలో నీళ్లు ఎలా కలుపుతుందో చెప్పి వెళ్లింది. నేను చీటీ మడిచి ఆయన చొక్కా జేబులో పెట్టాను.

మర్నాడు పదకొండు గంటలకి బట్టలు ఆరేస్తున్నాను. రోజూ ఆ వేళకి నాకో అలవాటుండేది. ఇప్పుడు ఈయన జేబులోంచి తీసి ఉంటారు, ఇప్పుడు అతను విప్పి చదువుతుంటాడు అనుకుంటూ, అతను చదివినట్టే మనసులో చీటీ మొత్తం చదువుకునేదాన్ని. ఆ రోజూ చదువుకున్నాను. బావా, పట్టా ఎవరి దగ్గర చిరిగితే ఏముంది. చివరిదాకా వచ్చాను. మనసులో పెట్టుకోకు. ఆ తరవాత ఏమీ లేదు. వెనక వైపు తిప్పి చూశాను. తెల్లగా ఉంది.

తడి దుప్పటి చేతిలోంచి ఎక్కడ జారిందో తెలియదు. కంపెనీ ఆఫీసు మాకు రెండు వీధుల అవతల. ఎప్పుడూ లోపలికి అడుగుపెట్టి ఎరగను. గోనె మూటలు, అట్టపెట్టెలు గుమ్మందాకా పేర్చి ఉన్నాయి, వాటి మధ్య మనిషి పట్టేంత సందు. ఆ చివర బల్ల వెనక గుమాస్తా నల్ల రంగు డబ్బాలో కుంచె ముంచి పెట్టెల మీద ఊరి పేరు రాస్తున్నాడు. మా ఆయన కంటే చాలా చిన్నవాడు, నెమ్మదస్తుడు. గడియారం పదకొండున్నర దాటింది. కాటా దగ్గరికి ఫోను చెయ్యి బాబూ, బ్రేకు సంగతి చీటీలో లేదు, అన్నాను. నా మొహం చూసి అప్పుడింకేమీ అడగలేదు.

టీ కొట్టతను ఫోను ఎత్తాడు. రెండు బండ్లూ వెళ్లిపోయి అరగంటయిందన్నాడు. తను అడిగింది, అతను చెప్పింది గుమాస్తా ఒక్కొక్క ముక్కే నాకు చెప్పాడు. పొడుగాయన చీటీ చదివాడట. అటూ ఇటూ తిప్పి రెండుసార్లు చదివాడట. చదివి మా ఆయన దగ్గరికి వచ్చి ఏదో అడగబోయాడట. మా ఆయన అప్పటికే బండి ఎక్కేశారట. అతను కిటికీ మీద చెయ్యి వేస్తే, ఆ చెయ్యి పక్కకి నెట్టి ఇంజను స్టార్టు చేశారట.

ఘాట్ దిగాక కింద ఒక చెక్‌పోస్టు ఉంది. గుమాస్తా దాని నంబరు వెతికి చేశాడు. మోగుతోంది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఘాట్ పైన ఫోను ఉన్న చోటు ఏదీ లేదు. నన్ను ఒక మూట మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు.

"బ్రేకు సంగతి చీటీలో లేదని మీకెలా తెలుసక్కా? రాసింది అన్న కదా," అన్నాడు.

నేను రాశానన్నాను. ఆయనకి అక్షరం రాదన్నాను. ఇరవై ఏళ్లు ఆయన చొక్కా కింద దాచుకున్న మాటని నేను గోనె మూటల మధ్య కూర్చుని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. గుమాస్తా కుంచె డబ్బాలో పెట్టాడు. ఈ మాట నేను వినలేదక్కా, ఓనరు దగ్గర మీరూ అనకండి అన్నాడు. మళ్లీ ఫోను తిప్పడం మొదలుపెట్టాడు.

పన్నెండున్నర, ఒంటిగంట, ఒంటిగంటా పావు. నాకు ఆ మనిషి మొహం తెలియదు. పొడుగని తెలుసు, దగ్గని తెలుసు, టీలో పంచదార ఎక్కువ వేసుకుంటాడని తెలుసు. ఇన్ని తెలిసిన మనిషి మొహం తెలియకపోవడం ఎంత భయంకరంగా ఉంటుందో ఆ రోజే చూశాను. ఎంత ప్రయత్నించినా మలుపులో దొర్లే బండి కిటికీలో నాకు మా అన్నయ్య మొహమే కనబడింది.

ఒంటిగంటా నలభైకి చెక్‌పోస్టు వాళ్లే ఫోను చేశారు. గుమాస్తా వింటూ నాకేసి చూసి, బతికే ఉన్నాడని చేత్తో సైగ చేశాడు. తరవాత చెప్పాడు. బండి పన్నెండో మలుపుదాకా మొదటి గేరులోనే దిగిందట. వెనక వచ్చే బండ్లన్నీ హారన్లు కొట్టి చంపినా పక్కకి తప్పుకోకుండా నడిచినట్టే దిగిందట. పన్నెండో మలుపులో బ్రేకు మొత్తానికే పోయింది. లోయ వైపు పోనివ్వకుండా కొండ వైపు కాలవలోకి తిప్పి గుద్దేశాడు. భుజం ఎముక, రెండు పక్కటెముకలు విరిగాయి. పెట్టెలు రోడ్డంతా పడ్డాయి. వేగంగా వచ్చి ఉంటే మాట్లాడుకోవడానికి ఏమీ మిగిలేది కాదని చెక్‌పోస్టతను అన్నాడట.

నాలుగింటికి మా ఆయన బండి ఆపి ఆఫీసులోకి వచ్చి, మూట మీద నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. గుమాస్తా ప్రమాదం సంగతి చెప్పాడు. చెప్పాను కదా, చీటీలో రాసిచ్చాను కదా, అని ఆయన రెండుసార్లు అన్నారు. గుమాస్తా రసీదు పుస్తకంలోకి తల దించుకున్నాడు.

ఇంటికి వచ్చాక చెప్పాను. ఆయన ఒక చెప్పు విప్పి, రెండోది విప్పకుండా అలాగే కూర్చుండిపోయారు. తొమ్మిది చీటీలూ ఏమేం రాశావో చెప్పమన్నారు. నాకన్నీ కంఠతా వచ్చు. మొదటిదాన్నుంచి చెప్పాను. ఆయన కోప్పడలేదు, మధ్యలో ఆపలేదు.

"వీటిలో నేను చెప్పిన మాటలెన్ని?" అని మాత్రం అడిగారు.

ఆ తరవాత రెండు రోజులు ఇంట్లో కావలసినంత మాటే నడిచింది. అన్నం పెట్టనా, పెట్టు.

మూడో రోజు అవతలి ఆఫీసునుంచి కబురు వచ్చింది. పొడుగు బావ ఆసుపత్రి మంచం మీదనుంచి చెప్పి పంపిన కబురు. పదకొండేళ్లలో ఆ మనిషి ఒక్కరోజు కూడా వంక పెట్టకుండా నాకు బండి ఇవ్వలేదు, వంక లేని చీటీ చూడగానే నాకు భయమేసింది, ఏదో దాచాడనుకున్నాను, అడగబోతే నెట్టేసి పోయాడు, అందుకే ప్రాణం అరచేతిలో పెట్టుకుని దిగాను, తియ్యటి మాటలు రాసి నన్ను ఘాట్ మీదకి తోలాడు, ఇంక ఆ మొహం నాకు చూపించొద్దని చెప్పండి. ఆ భుజంతో అతను ఇక లారీ తిప్పలేడని డాక్టరు చెప్పినట్టు కూడా కబురులో ఉంది. అతని బదులు కాటా దగ్గరికి వేరే డ్రైవరును పంపిస్తున్నారు.

సాయంత్రం ఆయన నన్ను పిలిచి కాగితం, పెన్ను తెమ్మన్నారు. ఈసారి పెద్ద కాగితం తెచ్చాను. ఆయన ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క మాటా ఆగి ఆగి చెప్పారు.

"బావా అని రాయి. బ్రేకు సంగతి నేను నీకు చెప్పలేదు. రాయి."

నా చెయ్యి ఆగింది. మీరు చెప్పారు కదండీ, రాయనిది నేను, ఆ ముక్క రాస్తానన్నాను.

"చెప్పింది రాయి."

"అది అబద్ధమండీ."

"నోరుండి నోటితో చెప్పలేదు. వాడు అడగడానికి వస్తే చెయ్యి నెట్టాను. అబద్ధమెలా అవుతుంది? నువ్వు రాశావని రాస్తే వాడు నిన్ను తిడతాడు. తిట్టేదేదో నన్నే తిట్టనీ."

రాశాను. తరవాత ఆయన గోడకేసి చూస్తూ చాలాసేపు ఊరుకున్నారు. ఏం చెప్పాలో వెతుక్కుంటున్నారని అనుకున్నాను. వెతుక్కోవడం కాదు, ఆ మాట పైకి రావడానికి అంతసేపు పట్టింది.

"ముందు చీటీల్లో రాసిన మాటలన్నీ నావేనని రాయి. టీ తాగుతూ మాట్లాడుకుందామన్నది కూడా నేనేనని రాయి."

నాకు కళ్లలో నీళ్లు తిరిగి అక్షరాలు వంకరపోయాయి. ఆయన అది కూడా గమనించి, సరిగ్గా కనబడేట్టు రాయమన్నారు. మొత్తం చదవమన్నారు. చదివాను. మళ్లీ చదవమన్నారు. రెండోసారి చదువుతుంటే, నా పెదవులు కాకుండా నా వేలు ఎక్కడుందో చూస్తున్నారని తెలిసింది. చదివాక కాగితం నా చేతిలోంచి తీసుకుని, చెప్పులు వేసుకుని, నువ్వూ రా అన్నారు.

ఆఫీసులో గుమాస్తా దీపం వేసి బల్ల సర్దుతున్నాడు. ఆయన కాగితం అతని ముందు పెట్టారు. కళ్లజోడు మర్చిపోయాననలేదు. నాకు చదువు రాదు, ఇందులో ఏముందో పైకి చదువు తమ్ముడూ అన్నారు.

గుమాస్తా నా వైపు చూశాడు. చదవడం మొదలుపెట్టాడు. బావా. బ్రేకు సంగతి నేను నీకు చెప్పలేదు. అక్కడ ఆగి మళ్లీ నా వైపు చూశాడు. నేను మూటల మీద నల్ల రంగుతో రాసిన ఊరి పేరు చూస్తూ నిలబడ్డాను.

"ఆగావేం? ఇంకా ఉండాలి," అన్నారు ఆయన.

గుమాస్తా మిగతాదీ చదివాడు. ఆయన కళ్లు మూసుకుని, ప్రతి మాటకీ కొద్దిగా తల ఊపుతూ విన్నారు. అయిపోయాక, అంతే ఉందా అని అడిగారు. అంతే ఉందన్నా అన్నాడు గుమాస్తా. అంతకంటే ఒక్క ముక్క కూడా లేదు కదా అని మళ్లీ అడిగారు. లేదన్నాడు.

ఆయన కాగితం మడిచి కవర్లో పెట్టారు. అంటిద్దామని నేను చెయ్యి చాపాను. ఆయన చూడనట్టే ఉండి, నాలుకతో అంచు తడిపి, బల్ల మీద పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కి, పొద్దున బండిలో పంపమని గుమాస్తా చేతికే ఇచ్చారు.